బర్మింగ్‌హామ్‌లో అల్లం టీ

జూన్ 3, మంగళవారం

వెళ్ళారు.

ఎయిర్‌పోర్టుకి నేనూ వెళ్ళాను. కారు అల్లుడు అనంత్ నడిపాడు. మిల్టన్‌లో మా ఇంటి నుంచి అక్కడిదాకా దమయంతి నాతో మాట్లాడినవి మూడు విషయాలు: బీపీ మాత్రలు, ఫ్రిజ్‌లో పెరుగు, చెత్తబండి వచ్చే రోజు. నలభై ఒక్క ఏళ్ళ కాపురం ఈ మూడింటికి కుదించుకుపోయింది.

కోదండరామ్, వాడి భార్య వైదేహి గ్వెల్ఫ్ నుంచి మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. వాడి నెత్తిన కెప్టెన్ టోపీ. నీలం రంగు, ముందు బంగారు లంగరు. డెబ్బై మూడేళ్ళ మనిషి. ఇంజనీరుగా రిటైరైనవాడు.

"భద్రం, నీ మంచం ఖాళీగానే ఉంచుతున్నాన్రా. వీసా రాగానే ఎగిరొచ్చెయ్" అన్నాడు.

"అన్నయ్యగారు లేకపోతే మాకు గైడెవరండీ?" అంది వైదేహి.

"గైడు ఇక్కడున్నాడుగా!" అని వాడు సంచిలోంచి పుస్తకం తీశాడు. నా పుస్తకం. 'పడవ మీద బర్మింగ్‌హామ్'. వారపత్రికలో సీరియల్‌గా వచ్చాక 1983లో వేసిన ఆ ఒక్క ముద్రణే. అట్ట ఊడిపోతే టేపు వేసుకున్నాడు. "రోజుకో చాప్టర్ పైకి చదువుతా. నువ్వు పడవ కట్టిన చోటే కడతాం. నువ్వు టీ తాగిన చోటే తాగుతాం. ఏం చెల్లెమ్మా?"

దమయంతి నవ్వింది. వాడు చెల్లెమ్మా అంటే నవ్వుతుంది.

నేను ఇంగ్లండు వెళ్ళకపోవడానికి కారణం వీసా. ఇక్కడ రాసి పెడుతున్నాను. దమయంతి ఆరేళ్ళ కిందట చెయ్యెత్తి ప్రమాణం చేసి కెనడా పౌరురాలైంది. ఆమెకు అది ఫోన్‌లో పది నిమిషాల పని. నాది ఇప్పటికీ భారతీయ పాస్‌పోర్టు. ఎందుకు మార్చుకోలేదో ఎవరికీ సంజాయిషీ చెప్పను. నా వీసా ప్రాసెస్‌లో ఉంది.

జూన్ 4

ఆమె ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

జూన్ 5, గురువారం

మధ్యాహ్నం వీడియో కాల్. అక్కడ సాయంత్రం.

పడవ పొడవు అరవై అడుగులు, వెడల్పు ఏడే. లోపల వంటగది, రెండు గదులు, షవర్. దమయంతి ఫోన్ పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరికి నడుస్తూ చూపించింది. "ఏమండీ, మీ పుస్తకంలో వంట బయట బొగ్గుల కుంపటి మీద అని రాశారు కదా, ఇప్పుడు గ్యాస్ వచ్చేసింది" అంది.

"నలభై నాలుగేళ్ళయింది. మారవూ?" అన్నాను.

"అవును, మారతాయి" అంది.

వెనక నుంచి కోదండరామ్ గొంతు. నా రెండో చాప్టర్ చదువుతున్నాడు. గోదావరి యాస, వాక్యం చివర సాగదీత. నా వాక్యాలు అంత పొడుగని నాకు తెలియదు.

ఒక సంగతి ఒప్పుకుని తీరాలి: వాడికి పడవ నడపడం వచ్చు. ధవళేశ్వరం సర్కిల్లో ఇరిగేషన్ ఇంజనీరుగా ఇరవై ఏళ్ళు కాలవల మీద లాంచీల్లో తిరిగాడు. అంతకు మించి వాడి గురించి ఒప్పుకోవడానికి ఏమీ లేదు. కాలేజీలో ఒకే గదిలో ఉన్నాం. నేను చదివిన పుస్తకాల అట్టలు కూడా వాడు చదవలేదు. అయినా ఎక్కడికెళ్ళినా నలుగురూ వాడి చుట్టూ చేరతారు. మన తెలుగు సంఘం పిక్నిక్‌లో పులిహోర కలిపేవాడి చుట్టూ చేరినట్టు.

జూన్ 6

మిల్టన్ లైబ్రరీకి వెళ్ళాను. ఇంగ్లండు కాలవల మ్యాపులున్న పుస్తకం ఉంది అక్కడ. వాళ్ళు వెళ్ళే దారి వేలుతో చూసుకున్నాను. పడవ అద్దెకు తీసుకున్న చోటు నుంచి నగరం నడిబొడ్డు దాకా పడవని తలుపుల మధ్య ఆపి ఎక్కించే, దించే లాకు ఒక్కటి లేదు.

ఒక్కటి కూడా లేదు.

మళ్ళీ చూశాను. లేదు.

నా పుస్తకంలో ఆరున్నాయి.

(ఇదే కుర్చీలో కూర్చున్నాను ఏప్రిల్లో కూడా. ఆ రోజు పది నలభైకి వీసా వాళ్ళ దగ్గర నా వేలిముద్రల అపాయింట్‌మెంట్. అనంత్ నన్ను గో ట్రైన్ స్టేషన్ దగ్గర దించి వెళ్ళిపోయాడు. నేను రైలెక్కలేదు. నడుచుకుంటూ ఇక్కడికొచ్చి మూడింటి దాకా చదువుకున్నాను. ప్రాసెస్‌లో ఉంది అనడం పూర్తిగా అబద్ధమూ కాదు.)

జూన్ 7, శనివారం

మనవరాలు స్వీటీ ఫోన్ పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. "తాతయ్యా, లుక్! అమ్మమ్మ ఈజ్ డ్రైవింగ్ ద బోట్!"

ఫోటో. దమయంతి పడవ వెనక నిలబడి చుక్కాని కొయ్య పట్టుకుంది. స్వెట్టర్ మీద లైఫ్ జాకెట్, దాని మీద పమిట. నెత్తిన కెప్టెన్ టోపీ.

వాడి టోపీ.

మా ఇంట్లో ఆమె ఎప్పుడూ కారు నడపలేదు. వద్దని నేను అనలేదు. అవసరం రాలేదు.

"భయం వేయలేదా?" అని అడిగాను మధ్యాహ్నం కాల్‌లో.

"ఎడమకి తిప్పితే కుడికి పోతుందండీ. అది తెలిశాక ఏముంది? అన్నయ్యగారు పక్కనే ఉన్నారుగా. మనిషి నడిచినంత స్పీడే." తర్వాత సొరంగం గురించి చెప్పింది. రెండున్నర కిలోమీటర్లు, ముప్పావుగంట, పైనుంచి నీళ్ళు కారడం. ఆ సొరంగం గురించి నా పుస్తకంలో లేదు. ఆమె ఆ మాట అంటుందని చూశాను. అనలేదు.

"మీరు ఆ టైములో నిద్రపోయి ఉంటారు" అంది కోదండరామ్ వినేట్టుగా. వాడు పెద్దగా నవ్వాడు.

నిద్రపోయానట. నలభై రెండేళ్ళ కిందట అచ్చయిన పుస్తకాన్ని కాపాడటానికి నా భార్యే ఇప్పుడు కారణాలు వెతుకుతోంది, ఇంకొకడి టోపీ పెట్టుకుని.

జూన్ 8, ఆదివారం

ఇల్లంతా నిశ్శబ్దం. మా అమ్మాయి అమృత, అనంత్ బ్రాంప్టన్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళారు.

రాసేస్తాను. ఇది ఎవరూ చదవరు.

1981. రావులపాలెంలో లెక్చరర్ని. మూడు నెలలు ఇంగ్లండు పంపే ప్రోగ్రాముకి నన్ను ఎంపిక చేశారు. ఊరంతా తెలిసింది. రాజమండ్రి స్టేషన్‌కి విద్యార్థులు రెండు లారీల్లో వచ్చారు. దండలు, శాలువా, ఫోటోగ్రాఫరు. ప్రోగ్రాం రద్దయిందన్న టెలిగ్రాం ఆ రోజు పొద్దున పదింటికి వచ్చింది. రైలు సాయంత్రం. ఒక్కడికైనా చెప్పడానికి చాలినంత వ్యవధి ఉంది. చెప్పలేదు. దండలు ముందే కొన్నారని తెలుసు. మెడ వంచాను. రైలెక్కాను. హైదరాబాద్‌లో దిగాను.

మూడు నెలలు ఒక హాస్టల్ గదిలో ఉన్నాను. రోజూ లైబ్రరీ. ఇంగ్లండు మీద ఎన్ని పుస్తకాలుంటే అన్నీ చదివాను. తిరిగొచ్చాక వారపత్రిక ఎడిటర్ "యాత్ర రాయండి" అన్నాడు. బిగ్ బెన్ గురించి అందరూ రాసేశారు. పడవ మీద బర్మింగ్‌హామ్ వెళ్ళినట్టు ఎవరూ రాయలేదు. ఎవరూ వెళ్ళి సరిచూడరు కూడా.

కాలవలు పుస్తకాల్లో ఉన్నాయి. లాకు ఎలా పని చేస్తుందో మాత్రం పుస్తకాల్లో నాకు అర్థం కాలేదు. అది నాకు తెలిసిన చోటు నుంచే తెచ్చుకున్నాను. ఆదివారాలు సైకిలు మీద గోదావరి కాలవ మీది లొల్ల లాకులకి వెళ్ళేవాణ్ణి. అక్కడి ఖాకీ కోటు, మెడలో ఈల, ఇద్దరు మనుషులు ఇనుప చక్రం తిప్పడం, అప్పుడే రంగు వేసిన ఆకుపచ్చ తలుపులు. తలుపు దూలం మీద గాజు గ్లాసులు వరసగా పెట్టి అల్లం టీ పోసే ముసలామె. ఆమెకు మిసెస్ హాబ్స్ అని పేరు పెట్టి బర్మింగ్‌హామ్ గుమ్మంలో నిలబెట్టాను.

ఆ చాప్టర్‌కే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి.

ఒక్క సమీక్షకుడు మాత్రం రాశాడు: 'పుస్తకం నిండా నీళ్ళున్నాయి, తడి లేదు.' వాడు పోయి పాతికేళ్ళయింది. నేనింకా వాణ్ణి క్షమించలేదు.

ఈ పుస్తకం చదివే దమయంతి నన్ను చేసుకోవడానికి ఒప్పుకుంది. వాళ్ళ నాన్న 'ఇంగ్లండు వెళ్ళొచ్చిన కుర్రాడు' అని చెప్పుకున్నాడు. రేపు వాళ్ళు నగరం చేరతారు. రేపు ఆమె ఆ లాకు కోసం చూస్తుంది.

జూన్ 9, సోమవారం

పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పెరుగు పులిసింది.

రెండున్నరకి ఫోన్ మోగింది. తెర నిండా కోదండరామ్ ముఖం. వెనక ఎర్ర ఇటుక గోడలు, రంగురంగుల పడవలు, మేడల మీద కేఫ్‌లు.

"దొరికిందిరోయ్!" అని అరిచాడు. "నీ ఆఖరి లాకు! ఇదిగో చూడు, గోడలు. తలుపులు పీకేశారు గానీ గోడలు అట్టాగే ఉన్నయ్. ఏం చెల్లెమ్మా, అచ్చం భద్రం రాసినట్టే లేదూ?"

ఫోన్ తిప్పాడు. రెండు రాతి గోడల మధ్య సన్నటి నీటి సందు. పడవ పట్టేంత. దమయంతి ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"అచ్చం అలాగే ఉంది" అంది.

"టీ కూడా దొరికింది! అల్లం టీ! చెల్లెమ్మా, ఆ గ్లాసు ఇట్టా పైకి పట్టుకో, ఫోటో తీస్తా. పుస్తకం రెండో చేత్తో."

ఫోటో వచ్చింది. గాజు గ్లాసు. ఆవిరి. నా పుస్తకం. నేను పుట్టించిన టీని నా భార్య చేతికి కోదండరామ్ అందించాడు.

బతికిపోయాను. సంతోషంగా ఉండాలి. అన్నం పెట్టుకుని తిన్నాను. మజ్జిగ కూడా పోసుకున్నాను. సంతోషంగా ఉంది.

జూన్ 10

వాడికి తెలుసు.

జూన్ 11, బుధవారం

వాడికే ఫోన్ చేశాను. ఆడవాళ్ళు బజారుకెళ్ళారన్నాడు.

"అక్కడ లాకు లేదు కదరా" అన్నాను.

"ఎందుకు లేదూ? పాతకాలంలో ఉండేదంట. బోర్డు మీద రాసుంది."

"తలుపులు తీసేసి ఎన్నాళ్ళయింది?"

"ఏమోరా. మన పుట్టుకకి ముందే అనుకుంటా."

పడవ మీద ఏదో పక్షి అరుస్తోంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"సీరియల్ వచ్చినప్పుడేరా. ఆకుపచ్చ తలుపులని రాశావ్. లొల్లలో ఆ రంగేయించింది నేను. ఎనభైలో. పై ఆఫీసు వాళ్ళు నలుపన్నారు, నేనే పట్టుబట్టి పచ్చేయించా."

"మరి నలభై ఏళ్ళు నోరెత్తలేదేం?"

"ఎందుకెత్తాలి? మా లాకుల గురించి అంత బాగా రాసినోడు లేడు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చదివి వినిపించా. ఇంగ్లండోళ్ళ లాకులు కూడా మనలాగే ఉంటాయంట చూడండ్రా అని." ఆగి అన్నాడు: "నాకు గర్వంగా ఉండేదిరా."

ఫోన్ పెట్టేశాను. వెక్కిరించినా బాగుండేది. దానికి నా దగ్గర సమాధానాలున్నాయి, నలభై ఏళ్ళుగా తయారు చేసి పెట్టుకున్నవి. వాడు ఈ ఒక్క పనిలోనైనా నాకంటే చిన్నవాడుగా ఉండాల్సింది.

జూన్ 15, ఆదివారం

వచ్చింది. ముఖం ఎండకి కమిలింది. చేతిలో బొబ్బ. చుక్కాని వల్ల అంది.

"వీసా సంగతి ఏమైంది?"

"ప్రాసెస్‌లో ఉంది."

"ఊఁ" అంది. పాత పెరుగు పారబోసి కొత్తది తోడు పెట్టింది.

జూన్ 18

ఏమీ అడగలేదు. బర్మింగ్‌హామ్ మాట ఎత్తదు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని స్వీటీ నోట్‌బుక్‌లో ఏదో రాస్తోంది. నేను అటు వెళ్తే మూసేయదు, కానీ రాయడం ఆపుతుంది.

జూన్ 20, శుక్రవారం

సంఘం వార్షిక సంచికకి ఎడిటర్ని నేనే, తొమ్మిదేళ్ళుగా. ఎవరి వ్యాసమైనా నా ఎర్ర పెన్ను కిందికి రావాల్సిందే. ప్రెసిడెంటు మహీధర్ రాసిన ముందుమాటలో పోయినేడు పద్నాలుగు తప్పులు దిద్దాను. అప్పట్నుంచి నాకు నమస్కారం పెట్టడం మానేశాడు.

ఇవాళ కాఫీతో పాటు ఆరు కాగితాలు నా ముందు పెట్టింది దమయంతి.

"సంచికకి. తప్పులుంటే దిద్దండి. తీసేయడం మాత్రం చేయకండి."

ఆమె ఎప్పుడూ ఏమీ రాయలేదు. చాకలి పద్దు తప్ప. నేను నవ్వాననుకుంటాను. ఆమె నవ్వలేదు.

అందులోంచి కొంత ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను. ఎందుకో తెలియదు.

'సొరంగంలో పైనుంచి నీళ్ళు పడుతుంటే వైదేహి వదిన కొంగు కప్పుకుంది. నేను తలెత్తి నోరు తెరిచాను. ఇనుము రుచి, మట్టి రుచి. అరవై తొమ్మిదేళ్ళకి అలా చేయడం నాకే వింతగా అనిపించింది.'

'నగరం మొదట వెనక వైపు నుంచి కనిపిస్తుంది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి చూపించని ముఖం అది. ఫ్యాక్టరీల వెనక గోడలు, ఆరేసిన బట్టలు, గోడ మీద ఒక పిల్లి. పడవ దాటేదాకా ఆ పిల్లి నన్నే చూసింది.'

'మావారి పుస్తకంలోని లాకు కోసం చూశాను. నగరంలోకి వెళ్ళే ఆ దారిలో తలుపులున్న లాకు లేదు. ఊరి అవతల వైపు దిగే లాకులున్నాయి. అక్కడ తలుపుల దూలాలు నలుపు, చివర్లు తెలుపు. లాకు మనిషి ఉండడు. ఎవరి లాకు వాళ్ళే దిగి తీసుకోవాలి. కోదండరామ్ అన్నయ్యగారు రెండు పాత గోడలు చూపించి ఇదే అన్నారు. నేనూ అవునన్నాను. ఆయన ఎక్కడినుంచో గాజు గ్లాసులో అల్లం టీ తెచ్చారు. అంతకు ముందు ఆయనే వదిన కూరల సంచిలోంచి అల్లం తీసి, పడవ వంటింట్లో సుత్తితో దంచుతుండగా కిటికీలోంచి చూశాను. ఆ గట్టు మీది కేఫుల్లో టీలో అల్లం ఎవరూ వేయరు.'

'ఆ లాకు నాకు తెలుసు. మాది ఆత్రేయపురం. లొల్ల లాకులు మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం. పెళ్ళికి ముందు ఆ చాప్టర్ చదివినప్పుడు, ఈయన అంత దూరం వెళ్ళి కూడా మా లాకులనే తలుచుకున్నాడు, పరాయి ఊళ్ళో మన ఊరి టీ వాసన పట్టాడు అనుకున్నాను. అలాంటి మనిషి ఇల్లు మరిచిపోడు అనుకున్నాను. అందుకే ఒప్పుకున్నాను. ఆయన తలుచుకోవడం కాదనీ, మా లాకుల దగ్గరే ఉన్నాడనీ ఆ గోడ మీద చెయ్యి వేసినప్పుడు తెలిసింది.'

'గోడ చల్లగా, తడిగా ఉంది.'

జూన్ 21

మూడుసార్లు చదివాను. తప్పులు రెండు. 'సొరంగం'లో ఒకచోట సున్నా మరిచింది. ఇంకొకచోట కామా.

జూన్ 22, ఆదివారం

నిన్నటి నుంచి ఒకటే లెక్క. రెండు పేరాలు తీసేస్తే వ్యాసం ఇంకా చక్కగా ఉంటుంది. నిడివి ఎక్కువైందని చెప్పొచ్చు. సంచికలో ఎవరికైనా నాలుగు పేజీలే ఇస్తాం. అది నేను పెట్టిన రూలే.

ఎర్ర పెన్నుతో ఆ రెండు పేరాల చుట్టూ గీత గీశాను. చాలాసేపు చూశాను.

నన్ను నిజంగా కోసేది ఆ రెండు పేరాలు కాదు. ఆ పిల్లి. నూట ఎనభై పేజీలు రాశాను, ఒక్క పిల్లి నన్ను చూడలేదు. ఇన్ని వేల పుస్తకాలు చదివినవాడికి రాని వాక్యం చాకలి పద్దు రాసే మనిషికి వచ్చింది. ఆమె అక్కడ ఉంది కాబట్టి వచ్చింది. కోదండరామ్ మీద ఏడ్చినంత కాలం నాకు కాస్త ఊరట ఉండేది. వాడు రాయలేడు.

ఆ సమీక్షకుడు బతికుంటే ఈ ఆరు పేజీలు చూసి ఏమనేవాడో నాకు తెలుసు.

వంటింట్లోకి వెళ్ళాను. దమయంతి చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఎందుకు రాశావు?" అన్నాను.

"అన్నయ్యగారు మీ కోసం దాచారు. వదిన ఆయన కోసం దాచింది. నేనూ దాస్తే ఇంకెవరున్నారు మీకు?" చిక్కుడుకాయ విరిచింది. "నాతో ముందే చెప్పి ఉంటే మీ వంతు అల్లం నేనే దంచేదాన్ని."

"ఇది వేస్తే నలుగురూ నవ్వుతారు."

"నవ్వుతారు" అంది. "నాలుగు రోజులు. నేను ఉన్నాగా."

జూన్ 23, సోమవారం

వ్యాసం ప్రెస్సుకి పంపాను. సున్నా పెట్టాను, కామా పెట్టాను. ఆరు పేజీలూ వెళ్ళాయి. రూలు మార్చినందుకు మహీధర్ ఏమైనా అంటాడేమో, అననీ.

కోదండరామ్‌కి ఏం చెప్పాలో తెలియలేదు. 'టోపీ నీకు బాగాలేదు' అని మెసేజ్ పెట్టాను. నవ్వుతున్న బొమ్మ పంపాడు. వాడికి అన్నీ నవ్వులే.

జూలై 2, బుధవారం

కొత్తగా వీసా ఫారం నింపాను. వచ్చే మే నెలకి వైదేహి ఇప్పటికే పడవ మాట్లాడేసిందట. నాలుగు మంచాలు. చుక్కాని దగ్గర దమయంతి. లాకులున్న దారే కావాలంది. దిగి తీయడానికి మనిషి కావాలి కదా, మీరు దిగుతారు అంది.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది: గత పదేళ్ళలో ఈ దేశానికి వచ్చారా? గత పదేళ్ళు మాత్రమే. 1981 గురించి వాళ్ళు అడగరు. 'లేదు' అని టిక్కు పెడితే సరిపోతుంది. అది నిజం కూడా.

టిక్కు పెట్టాను. చివర్లో ఇంకేమైనా చెప్పదలిస్తే రాయమని ఖాళీ పెట్టె ఉంది. ఎవరూ అందులో ఏమీ రాయరని అనంత్ చెప్పాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు వేళ్ళతో టైపు చేశాను.

'ఎప్పుడూ రాలేదు.'